నాలుగు ఫైళ్లు, ఏడు నెలలు, ఒకే తల తిరుగుడు: అమ్మను ఎవరికి చూపించాలి?

ముగ్గుపిండి
జూన్ 3, రాత్రి 9:48

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. మా అమ్మకు 67 ఏళ్లు. తెనాలిలో ఒక్కతే ఉంటుంది, నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. ఏడు నెలల క్రితం ఒక తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేసి తల ఎత్తేసరికి ఇల్లంతా గిర్రున తిరిగిందట. తులసికోట చేతికి అందింది కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి మంచం మీద పక్కకు తిరిగినా, అటక మీది డబ్బా అందుకోబోయినా అదే వరస.

మొదట ఎప్పుడూ చూపించే డాక్టరు దగ్గరికి వెళ్లాం. బీపీ అని మాత్ర మార్చారు. తగ్గలేదు. ఎముకల డాక్టరు మెడ ఎక్స్‌రే తీయించి, ఎముకలు అరిగాయని పట్టీ కట్టారు. చెవి, ముక్కు, గొంతు డాక్టరు తల తిరగడానికి బీటాహిస్టీన్, ప్రోక్లోర్‌పెరజీన్ అనే రెండు మందులు రాశారు. నరాల డాక్టరు ఎమ్మారై చేయించి అంతా బాగానే ఉందన్నారు. మధ్యలో కంటి డాక్టరు రెండు పొరల కళ్లజోడు ఇచ్చారు. బట్టల దుకాణం సంచిలో ఇప్పుడు నాలుగు ఫైళ్లున్నాయి. ఎవరి ఫైలు వారు చూస్తారు, పక్కవారి ఫైలు తెరవరు. రోజుకు తొమ్మిది రకాల మాత్రలు. అమ్మ మాత్రం "నేల కదులుతోందే" అంటూ గోడ పట్టుకుని నడుస్తోంది.

అసలు ఈ జబ్బు ఏ డాక్టరుది? ఎవరైనా చెప్పగలరా?

పాతపెరడు
జూన్ 3, రాత్రి 10:15

అది పైత్యం తల్లీ. మా అమ్మకు ఇలాగే ఉండేది. పరగడుపున జీలకర్ర కాచిన నీళ్లు, మధ్యాహ్నం ఉసిరి పచ్చడి. నలభై రోజుల్లో కట్టేస్తుంది. ఈ ఎమ్మారైలన్నీ డబ్బు దండగ.

చెవిలోపల
జూన్ 3, రాత్రి 11:02

పాతపెరడు గారూ, జీలకర్ర నీళ్లు తాగితే నష్టం లేదు, కానీ ఏడు నెలలు వేచి చూసిన మనిషిని ఇంకో నలభై రోజులు ఆగమనడం సరికాదు.

ముగ్గుపిండి గారూ, నేను ఆడియాలజిస్టును. సికింద్రాబాదులో చదువుకున్నాను, పదకొండేళ్లుగా వినికిడి, సమతౌల్య పరీక్షలు చేస్తున్నాను. డాక్టరును కాను, అందుకే ఇక్కడ నిర్ధారణ చెప్పను. ముందు కొన్ని సంగతులు అడుగుతాను.

మన భాషలో ఒక ఇబ్బంది ఉంది, ఒక వరమూ ఉంది. "కళ్లు తిరుగుతున్నాయి" అనే ఒక్క మాటలో మనం అన్నీ కలిపేస్తాం. ఎండలో నిలబడి స్పృహ తప్పినా, రంగులరాట్నం ఎక్కినట్టున్నా, అడుగు తడబడినా అదే మాట. డాక్టరు కూడా అదే రాసుకుంటారు. నిజానికి మన దగ్గర విడివిడి మాటలు లేకపోలేదు. గది మొత్తం లేదా మీరే గిర్రున తిరగడం ఒకటి. లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మడం మరొకటి. కూర్చుంటే హాయిగా ఉండి, నడిస్తే మాత్రం తూలడం ఇంకొకటి. ఇవేవీ కాకుండా రోజంతా తల దిమ్ముగా, దూది నింపినట్టు ఉండటం నాలుగోది. మొదటిది చాలావరకు లోపలి చెవి నుంచి వస్తుంది, అప్పుడప్పుడు మెదడు నుంచి. రెండోదానికి రక్తపోటు, గుండె చూడాలి. మూడోదానికి కాళ్ల నరాలు, కీళ్లు, మెదడు, కొన్ని రకాల చెవి జబ్బులు కూడా. నాలుగోదానికి మైగ్రేన్, ఆందోళన, మాత్రలు. ఈ విభజన గీత గీసినట్టు ఉండదు, ఒకరికే రెండు మూడు కలిసి ఉండవచ్చు.

అమ్మగారిని ఈ నాలుగింట్లో ఏవి ఉన్నాయో అడగండి. ఒక్కోసారి ఎంతసేపు ఉంటుంది: సెకన్లా, నిమిషాలా, గంటలా, రోజులా? కుడి పక్కకు తిరిగితే వస్తుందా, ఎడమకా? వినికిడి తగ్గిందా, చెవిలో హోరు ఉందా? షుగరు ఎన్నేళ్లుగా?

ముగ్గుపిండి
జూన్ 4, ఉదయం 7:20

ఇప్పుడే ఫోనులో మాట్లాడాను. ఇన్ని నెలల్లో ఇన్ని ప్రశ్నలు ఎవరూ అడగలేదని అమ్మ నవ్వింది.

గిర్రున తిరగడం కుడి పక్కకు ఒత్తిగిలితే వస్తుంది, ఇరవై ముప్పై సెకన్లలో ఆగిపోతుంది. అందుకని కుడివైపు తిరగకుండా వీపు వెనుక దిండు పెట్టుకుని పడుకుంటోందట, నాకే తెలియదు. ఇక రాత్రి బాత్రూముకు లేస్తే ఒక క్షణం కళ్లకు చీకట్లు కమ్ముతాయి. అది కాక నడుస్తుంటే తూలుతుంది, సాయంత్రం వెలుతురు తగ్గాక మరీ ఎక్కువ. వినికిడి మామూలుగానే ఉంది. షుగరు 14 ఏళ్లుగా ఉంది, అరికాళ్లు మంటలు, చెప్పు జారిపోయినా తెలియదు.

అంటే మూడు రకాలూ ఉన్నట్టేనా?

చెవిలోపల
జూన్ 4, మధ్యాహ్నం 1:40

అవును, నాకూ అలాగే అనిపిస్తోంది. ఒకే జబ్బుకు అయిదుగురు డాక్టర్లను తిరిగామని మీరు అనుకుంటున్నారు. ఉన్నవి మూడు ఇబ్బందులు. ప్రతివారూ ఒక్కదాని అంచు పట్టుకున్నారు.

మనిషి నిటారుగా నిలబడటానికి మెదడుకు మూడు చోట్ల నుంచి సమాచారం రావాలి: కళ్లు, లోపలి చెవి, అరికాళ్లు. ఒకటి మొరాయిస్తే మిగతా రెండూ సర్దుకుంటాయి. అమ్మగారికి చెవిలో ఏదో ఉంది, అరికాళ్ల స్పర్శ తగ్గినట్టుంది, చీకటి పడితే కళ్ల సాయమూ పోతుంది. సాయంత్రం తూలు ఎక్కువ కావడానికి కారణం ఇదే అయి ఉండవచ్చు.

పక్కకు తిరిగితే సెకన్లపాటు గిర్రున తిరగడం విన్నప్పుడు మాకు మొదట తట్టేది బీపీపీవీ, అంటే తల ఒక భంగిమలోకి మారినప్పుడల్లా కాసేపు తిరిగే చెవి జబ్బు. లోపలి చెవిలో ఒక చిన్న సంచిపై కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలుంటాయి, కంటికి కనిపించనంత చిన్నవి. వయసు వల్లో, దెబ్బ తగిలో అవి ఊడి పక్కనున్న అర్ధవృత్తాకార నాళికలోకి జారతాయి. తల కదిలినప్పుడు అవి దొర్లుతాయి, లోపలి ద్రవం కదులుతుంది, మెదడు తల గిరగిరా తిరుగుతోందనుకుంటుంది. దీన్ని ఎక్స్‌రేలో గానీ ఎమ్మారైలో గానీ చూడలేరు. చూడవలసింది కళ్లను. మంచం మీద కూర్చోబెట్టి, తలను 45 డిగ్రీలు కుడికి తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెట్టి, తల మంచం అంచు నుంచి కొంచెం కిందికి వాలేలా పట్టుకుని కళ్లను చూస్తారు. రెండు మూడు సెకన్ల తరువాత కనుగుడ్లు చక్రంలా తిరుగుతూ పైకి కొట్టుకుంటాయి, నిమిషంలోపు ఆగిపోతాయి. డిక్స్, హాల్‌పైక్ అనే ఇద్దరు 1952లో వివరించిన పరీక్ష ఇది. కావలసింది ఒక మంచం, రెండు చేతులు, తెరిచిన కళ్లు.

అయిదుగురిలో ఎవరైనా అమ్మగారిని పడుకోబెట్టి చూశారా?

ముగ్గుపిండి
జూన్ 4, మధ్యాహ్నం 1:52

ఒక్కరూ పడుకోబెట్టలేదు. కుర్చీ దాటనివ్వలేదు.

రాత్రిడ్యూటీ
జూన్ 5, తెల్లవారుజాము 3:30

వైద్యుల తరఫున ఒక మాట. నేను జనరల్ మెడిసిన్ పీజీ విద్యార్థిని, ఎమర్జెన్సీలో డ్యూటీ మధ్య రాస్తున్నాను. ఓపీలో ఒక్కొక్కరికి దొరికేది కొద్ది నిమిషాలు. పడుకోబెడితే వాంతి చేసుకుంటారేమోనని జంకుతాం, నిజమే. తప్పే అది. కానీ ఎమ్మారై చేయించిన నరాల డాక్టరును తిట్టకండి. ఎదురుగా ఉన్నది చెవి జబ్బా, మెదడు వెనుక భాగంలో పక్షవాతమా అన్నది మమ్మల్ని రాత్రిళ్లు నిద్రపోనివ్వని ప్రశ్న.

మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, మూతి వంకర పోవడం, ఒక చేయి లేదా కాలు బలహీనపడటం, ఎన్నడూ లేని తలనొప్పి, ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, హఠాత్తుగా ఒక చెవి వినిపించకపోవడం: తల తిరగడంతో పాటు వీటిలో ఏది వచ్చినా ఇక్కడ ప్రశ్న రాయకండి, ఆసుపత్రికి వెళ్లండి.

గంటలు, రోజుల తరబడి ఆగకుండా తిరుగుతూనే ఉంటే మేము మూడు చిన్న పరీక్షలు చేస్తాం. తలను చటుక్కున పక్కకు తిప్పి చూపు నిలుస్తుందా చూడటం, కనుగుడ్ల కదలిక దిశ చూడటం, ఒక కన్ను మూసి తెరిచి రెండు కళ్ల ఎత్తులో తేడా ఉందా చూడటం. ఇందులో తమాషా ఏమిటంటే, మొదటి పరీక్షలో చూపు చక్కగా నిలిచిందంటే ఊరట కాదు, భయపడాలి. చెవి నరం బాగుంటే తేడా మెదడులో ఉండవచ్చని అర్థం. శిక్షణ ఉన్నవారు చేస్తే, మొదటి రెండు రోజుల్లో స్కానింగు దాటేసే పక్షవాతాన్ని ఇవి పట్టుకున్న సందర్భాలున్నాయి. అమ్మగారికి ఇది వర్తించదు, ఆమెది వచ్చిపోయే రకం.

తొమ్మిది మాత్రల పేర్లు రాస్తారా? ప్రోక్లోర్‌పెరజీన్ ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారు?

ముగ్గుపిండి
జూన్ 5, ఉదయం 8:05

అయిదు నెలలుగా, రోజుకు రెండుసార్లు. ఆపమని ఎవరూ చెప్పలేదు, అయిపోయినప్పుడల్లా మందుల దుకాణంలో అదే చీటీ చూపించి తెచ్చుకుంటోంది. బీపీకి మూడు, షుగరుకు రెండు, కొలెస్ట్రాలుకు ఒకటి, నిద్రకు ఒకటి, తల తిరగడానికి రెండు. ఈ మధ్య కుడి చేయి కొంచెం వణుకుతోందంటే వయసు అనుకున్నాం.

రాత్రిడ్యూటీ
జూన్ 5, ఉదయం 8:31

ప్రోక్లోర్‌పెరజీన్ అనేది వాంతి, తిప్పుడు తీవ్రంగా ఉన్న రెండు మూడు రోజులకు ఉపయోగపడే మందు. నెలల తరబడి వాడితే పార్కిన్‌సన్ జబ్బును పోలిన వణుకు, బిగుసుకుపోవడం రావచ్చు, అదే మళ్లీ పడిపోవడానికి దారి తీస్తుంది. వయసు అనుకుని ఊరుకోకండి. అలాగని మీరే ఆపేయకండి, ఈ వారంలోనే డాక్టరుకు చెప్పి వారి చేత ఆపించండి. బీపీ కూడా పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో చూడమనండి. పై అంకె 20 లేదా కింది అంకె 10 పడిపోతే ఆ చీకట్లు కమ్మడానికి కారణం దొరికినట్టే.

నడకబడి
జూన్ 5, రాత్రి 9:10

ఫిజియోథెరపిస్టును. ఆలస్యంగా చూశాను.

రాత్రిడ్యూటీ గారు చెప్పినదానికి ఇంకొకటి చేరుస్తాను. ప్రోక్లోర్‌పెరజీన్ వంటి, తల తిరుగుడును అణిచే మాత్రలు మెదడును నిద్రపుచ్చుతాయి. చెవి నుంచి తప్పుడు కబురు వస్తోందని మెదడు గ్రహించి లెక్క సరిచేసుకోవాలంటే అది మేలుకుని ఉండాలి. మేము ఇచ్చే వ్యాయామం చేస్తే కాస్త తిరుగుతుంది. తిరగాలి కూడా. "అమ్మో, తిరిగింది" అని మానేస్తే మొదటికి వస్తుంది.

చెవి దెబ్బతిన్నవారికి ఈ వ్యాయామాలు కొత్తవి కావు. 1940లలో లండన్‌లో కాథార్న్ అనే చెవి సర్జనూ, కుక్సీ అనే పునరావాస వైద్యుడూ కలిసి రూపొందించారు. మొదట మంచం మీద కళ్లు కదపడం, తరువాత తల, తరువాత కూర్చుని వంగడం, లేవడం, చివరికి బంతి విసురుతూ నడవడం. రోగులను గుంపుగా కూర్చోబెట్టి చేయించేవారు, పక్కవాడు తూలుతుంటే మనకు సిగ్గు పోతుంది కదా!

మన ఇళ్లలో దీనికి గోడ క్యాలెండరు చాలు. పెద్ద ఎర్ర అంకె ఉన్న ఆదివారం మంచిది. రెండు మూడు అడుగుల దూరంలో కూర్చుని, ఆ అంకె మసకబారకుండా చూస్తూ తలను అటూ ఇటూ కదపాలి. తరువాత పైకీ కిందికీ. అది అలవాటయ్యాక నిలబడి, ఆపైన దిండు మీద నిలబడి. పక్కన మనిషి, వెనుక కుర్చీ ఉండాలి. అయితే స్ఫటికాలు నాళికలో ఉంటే ముందు వాటిని బయటికి పంపాలి, దానికి తలను ఒక వరుసలో తిప్పే ఎప్లీ పద్ధతి వేరే ఉంది. వీడియో చూసి ఇంట్లో చేయకండి. ఏ చెవో, ఏ నాళికో తెలియకుండా తిప్పితే ఒక నాళికలోవి ఇంకో నాళికలోకి పోయిన సందర్భాలు చూశాను.

మెడ పట్టీ తీయించండి. తల కదపవద్దని పట్టీ చెబుతుంది, తల కదిపితేనే నయమవుతుందని మేము చెబుతాం. అమ్మగారు ఎవరి మాట వినాలి? డాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే రోగి ఒంటిమీద జరిగేది ఇదే.

సగంచెవి
జూన్ 6, ఉదయం 6:15

అమ్మా, నేను పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారిని. నాది మెనియర్ జబ్బు, తొమ్మిదేళ్లు. ఎడమ చెవి బిర్రుగా అవుతుంది, అందులో రైలు ఇంజను కూత, ఆ వెంటనే మూడు గంటలు లోకమంతా తిరుగుతుంది. 1861లో ప్రోస్పర్ మెనియర్ అనే ఫ్రెంచి వైద్యుడు చెప్పేదాకా ఇదంతా మెదడుకు రక్తం పోటెత్తడం వల్ల వచ్చే వ్యవహారం అనుకునేవారట. ఆ మాట చదివాక ఆయన మీద నాకు గౌరవం, నా చెవి మీద జాలి.

ఉప్పు తగ్గించమన్నారు. ఆవకాయ లేని అన్నం తెలుగువాడికి శిక్ష. దానికి గట్టి రుజువు లేదని మా ఆడియాలజిస్టే ఒప్పుకుంది, అయినా నాకు పండగ మర్నాడు దెబ్బ ఖాయం. వారానికి ఒక ముక్క, నూనె పిండేసి. అది మా ఇద్దరి మధ్య ఒప్పందం.

అసలు చెప్పదలచింది నోటుబుక్కు గురించి. నాకూ మీలాగే ఫైళ్ల సంచి ఉండేది. విసుగొచ్చి రెండు వందల పేజీల పుస్తకం ఒకటి కొన్నాను. ఎడమ పేజీలో నేను రాస్తాను: తేదీ, ఏ వేళ, ఎంతసేపు, ఆ ముందు ఏం చేస్తున్నాను. కుడి పేజీలో డాక్టరు రాయాలి. చీటీ మీద రాయడానికి ఒప్పుకోను. ఈయన రాయాలంటే ముందు ఆయన రాసింది కనిపిస్తుంది. మొదటిసారి చెవి డాక్టరు మొహం చిట్లించారు. రెండోసారి మా షుగరు డాక్టరు రాసింది చదివి "ఇది నాకు ఎందుకు చెప్పలేదు?" అన్నారు. మూడోసారి ఆయనే ఫోను తీసి ఆ డాక్టరుతో మాట్లాడారు. ముప్పై ఏళ్లు పిల్లల పుస్తకాలు దిద్దాను, పెద్దల చేత రాయించడం ఎంత!

మంచుదేశం
జూన్ 6, మధ్యాహ్నం 3:40

మాస్టారూ, మీ నోటుబుక్కుకు నమస్కారం. ఇంగ్లండులో పెద్దవాళ్లు పడిపోకుండా చూసే క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను, ఊరు చీరాల.

మా దగ్గర జరిగేది చెబుతాను. ఎనభై ఏళ్ల అవ్వ పడిపోయిందని వస్తుంది. నేను పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూస్తాను. ఫార్మసిస్టు మాత్రల జాబితా ముందేసుకుని ఏవి తీసేయవచ్చో గుర్తు పెడుతుంది. ఫిజియో నడిపిస్తాడు. ఆక్యుపేషనల్ థెరపిస్టు ఇంటికి వెళ్లి బాత్రూములో పట్టుకోవడానికి కమ్మీ ఎక్కడ బిగించాలో, ఏ చాప అంచు కాలికి తగులుతోందో చూస్తుంది. చెవి సమస్య అనిపిస్తే ప్రత్యేక వైద్యుల దగ్గరికి పంపుతాం, ఇక్కడ ఆ రంగానికే విడిగా ఒక వైద్యశాఖ ఉంది. వారానికి ఒకసారి అందరం ఒక బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒక్కో పేరు చదువుతారు. చివర్లో ఒకే ప్రశ్న: ఈమెకు ఫోను చేసేది ఎవరు? ఆ పేరు రాయకుండా తరువాతి పేరుకు వెళ్లం.

స్వర్గం అనుకోకండి. ఆ బల్ల దగ్గరికి పేరు రావడానికి నెలలు పడుతుంది. మీరు ఏడు నెలల్లో అయిదుగురు డాక్టర్లను చూడగలిగారు. ఇక్కడ అది ఊహకు కూడా అందదు.

లెక్కలపద్దు
జూన్ 6, రాత్రి 8:25

అందరూ బల్ల చుట్టూ కూర్చోవడం బాగుంది, ఆ బల్ల ఖర్చు ఎవరిది? నా అనుభవం చెబుతాను. నగరంలో ఒక పెద్ద ఆసుపత్రిలో తల తిరుగుడుకు ప్యాకేజీ అని బోర్డు ఉంటే మా మామగారిని తీసుకెళ్లాను. ఒక్క రోజులో నలుగురు నిపుణులు, చెవిలో వేడి నీళ్లు, చల్ల నీళ్లు పోసే పరీక్ష, కళ్లద్దాల కెమెరా, స్కానింగు. బిల్లు మా నెల జీతం దాటింది. నలుగురూ నాలుగు కాగితాలు ఇచ్చారు, ఒకదానిలో ఉన్నది ఇంకోదానిలో లేదు. ఒకే లిఫ్టులో ఎక్కి దిగినంత మాత్రాన జట్టు అయిపోరు.

చెవిలోపల
జూన్ 6, రాత్రి 10:50

లెక్కలపద్దు గారి మాటతో ఏకీభవిస్తాను, నేను ఆ యంత్రాల ముందే కూర్చునేదాన్నయినా. వినికిడి బాగుండి, పడుకోబెట్టగానే కళ్లు చెప్పేస్తే, బీపీపీవీకి స్కానింగు గానీ ఇన్ని పరీక్షలు గానీ అక్కర్లేదు. యంత్రాలు కావలసింది కథ తేలనప్పుడు.

నీళ్ల పరీక్ష అన్నారు కాబట్టి ఒక పిట్టకథ. వియన్నాలో రాబర్ట్ బరానీ అనే వైద్యుడు రోగుల చెవులు కడుగుతుంటే, చల్లటి నీళ్లు పోసినప్పుడు కళ్లు ఒకవైపు, వేడివి పోసినప్పుడు ఇంకోవైపు కొట్టుకోవడం గమనించాడు. ఆ పనికి 1914 నోబెల్ వచ్చింది. కబురు చేరేసరికి ఆయన రష్యాలో యుద్ధ ఖైదీ. ఎప్లీ కథ ఇంకోరకం. అమెరికాలో పోర్ట్‌లాండ్ చెవి వైద్యుడు. తల తిప్పి స్ఫటికాలను బయటికి పంపవచ్చంటే తోటివారు చాలా ఏళ్లు నమ్మలేదు. 1992లో గానీ ఆ పద్ధతి పూర్తిగా అచ్చు కాలేదు.

తెనాలి వంటి ఊరిలో జట్టు అంటే నా దృష్టిలో పడుకోబెట్టి చూసే చెవి డాక్టరు, మాత్రలన్నీ ఒకసారి తిరగేసే ఫిజీషియను, తల కదిలించమనే ఫిజియోథెరపిస్టు. వినికిడి పరీక్షకు మావాళ్లు ఒకరు. మిగతావారు అవసరాన్ని బట్టి. ముగ్గురూ ఒకే భవనంలో లేకపోయినా ఫరవాలేదు, మాస్టారి పుస్తకం ఉండాలి.

ముగ్గుపిండి
జూన్ 14, రాత్రి 10:30

వారం సెలవు పెట్టి తెనాలి వచ్చాను. జరిగింది రాస్తాను, కొంచెం పొడుగు.

ముందు ఫిజీషియను. పుస్తకం చూసి "ఇది ఎవరి సలహా?" అన్నారు, కోపంగా కాదు. పడుకోబెట్టి బీపీ 148, నిలబెట్టాక మూడో నిమిషంలో 116. ఆయన మళ్లీ చూశారు, 118. మూడు బీపీ మాత్రల్లో ఒకటి తీసేసి, ఇంకొకదాని వేళ మార్చారు. ప్రోక్లోర్‌పెరజీన్ ఆపించారు. శృతి కడ్డీని మోగించి కాలి బొటనవేలి మీద పెడితే దాని అదురు అమ్మకు ఏమీ తెలియలేదు. చీలమండ మీద కొద్దిగా, మోకాలి దగ్గర బాగా తెలిసింది. చెప్పు జారడం ఎందుకు తెలియడం లేదో అప్పుడు అర్థమైంది.

తరువాత గుంటూరులో చెవి డాక్టరు, కొత్తవారు. నేను అడగకముందే మంచం చూపించారు. తల కుడికి తిప్పి పడుకోబెట్టారు. ఒకటి, రెండు, మూడు. ఏమీ లేదనుకునేంతలో అమ్మ కనుగుడ్లు గడియారం తిరగేసినట్టు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. అమ్మ నా మణికట్టు పట్టుకున్న తీరుకు గాజు విరిగింది. "నేను పడిపోతున్నానే, పట్టుకోవే" అంటోంది, మంచం మీద కదలకుండా పడుకునే ఉంది. ఏడు నెలలుగా ఆవిడ చెబుతున్నది ఇదా అని నాకు ఏడుపొచ్చింది. డాక్టరు తలను అలాగే పట్టుకుని, ఆగాక ఎడమకు తిప్పారు, తరువాత మనిషినే పక్కకు దొర్లించి ముఖం నేలవైపు పెట్టించారు, మెల్లగా లేపి కూర్చోబెట్టారు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఒకసారి వాంతి. రెండోసారి అదే చేసి మళ్లీ పడుకోబెడితే కళ్లు కదలలేదు.

ఆ రాత్రి అమ్మ కుడివైపు తిరిగి పడుకుంది. దిండు కింద పడేసింది.

గిర్రున తిరగడం పోయింది. తూలు పోలేదు. ఇంకో కొత్త సంగతి, వాకిట్లోకి రమ్మంటే రావడం లేదు. "నాకు ధైర్యం చాలదు" అంటోంది. దీనికి ఎవరు?

రాత్రిడ్యూటీ
జూన్ 15, రాత్రి 1:10

చాలా సంతోషం. ఆ భయం కూడా జబ్బులో భాగమే. చెవి బాగయ్యాక కూడా నెలల తరబడి తూలుతున్నట్టు, సంతలో జనం కదులుతుంటే తట్టుకోలేనట్టు ఉండిపోయే ఒక స్థితి ఉంది, దానికి 2017లో అంతర్జాతీయ ప్రమాణాలు కూడా వచ్చాయి. అమ్మగారికి అదేనని అనను, ఇంకా తొందర. రెండు మూడు నెలలు గడిచినా అలాగే ఉంటే మానసిక వైద్యుడిని కూడా కలుపుకోండి.

లెక్కలపద్దు
జూన్ 15, ఉదయం 9:00

చివరికి ముసలావిడకు మతిలేదనే దాకా వచ్చారన్నమాట.

సగంచెవి
జూన్ 15, ఉదయం 9:40

ఎవరూ అలా అనలేదు నాయనా. నేను మూడేళ్లు బజారుకు వెళ్లలేదు. రోడ్డు మధ్యలో తిరుగుతుందేమోనని గుమ్మం దగ్గరే ఆగిపోయేవాడిని. మనస్తత్వ నిపుణురాలు మందేమీ ఇవ్వలేదు. మొదటి వారం వీధి చివరి కిళ్లీ కొట్టు వరకు, రెండో వారం పోస్టాఫీసు వరకు నడిపించింది. మతి ఉంది కాబట్టే భయం.

చీకటినడక
జూన్ 15, రాత్రి 8:15

ఎప్పుడూ రాయను, ఇవాళ రాయాలనిపించింది. 1981లో క్షయకు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు మూడు నెలలు తీసుకున్నాను. ప్రాణం నిలిచింది, రెండు చెవుల సమతౌల్యం పోయింది. నాకు ఏమీ గిర్రున తిరగదు. నడుస్తుంటే ఎదురొచ్చే బస్సు బోర్డు మీద అక్షరాలు గంతులేస్తాయి, నిలబడితేనే చదవగలను. అమెరికాలో ఒక వైద్యుడికి ఇదే మందుతో ఇలాగే అయితే, మంచం కమ్మీల మధ్య తల ఇరికించుకుంటే గానీ పుస్తకం చదవలేకపోయానని 1952లో ఒక వైద్య పత్రికలో రాసుకున్నాడు. నాకు జరిగినదానికి పేరుందని నలభై ఏళ్లకు తెలిసింది, అదీ ఒక ఫిజియోథెరపిస్టు వల్ల.

ముగ్గుపిండి గారూ, చెవి బాగైనా అమ్మగారి కాళ్లు అలాగే ఉంటాయి. కరెంటు పోయినప్పుడు ఆమెకు మిగిలేది తక్కువ. మంచం పక్కన, బాత్రూము గుమ్మం దగ్గర, వంటింట్లో తలా ఒక టార్చి పెట్టండి. ఒకటి కాదు, మూడు. గడపల అంచున తెల్ల రంగు గీత గీయించండి.

మంచుదేశం
జూన్ 15, రాత్రి 11:30

చీకటినడక గారు చెప్పింది మా ఆక్యుపేషనల్ థెరపిస్టు చెప్పేదే. ఇంకొకటి, ఆ రెండు పొరల కళ్లజోడుతో మెట్లు దిగేటప్పుడు కింది గాజులోంచి మెట్టు మసకగా కనిపిస్తుంది. నడకకు దూరపు చూపు అద్దాలు మాత్రమే ఉన్న జోడు విడిగా ఇవ్వవచ్చేమో కంటి డాక్టరును అడగండి. పుస్తకంలో ఆయన పేజీ ఇంకా ఖాళీగానే ఉంది కదా.

ముగ్గుపిండి
జూలై 27, ఉదయం 6:50

ఆరు వారాలైంది. మధ్యలో ఒకసారి స్ఫటికాలు మళ్లీ జారాయి, మళ్లీ వెళ్లి వచ్చాం, ఈసారి గాజులు తీసి వెళ్లాను. డి విటమిన్ తక్కువుంటే తిరగబెట్టే అవకాశం ఎక్కువని డాక్టరు రక్తపరీక్ష చేయించారు, తక్కువే ఉంది, మందు మొదలుపెట్టారు. చేయి వణుకు చాలావరకు పోయింది. ఫిజియోథెరపిస్టు అమ్మాయి వారానికి రెండుసార్లు ఇంటికి వస్తోంది. ఆదివారం ఎర్ర అంకె చూస్తూ తల ఊపుతుంటే పక్కింటివాళ్లు అమ్మకు పూనకం వచ్చిందనుకున్నారట. పుస్తకంలో పదిహేడు పేజీలు నిండాయి. కంటి డాక్టరు పేజీ కూడా. ఫోను చేసే మనిషి ఎవరని అడిగితే ఫిజీషియను "నేనే" అని అట్ట మీద తన నంబరు రాశారు.

తూలు పూర్తిగా పోలేదు, పోదేమో కూడా. కానీ ఇవాళ పీట వేసుకుని కూర్చుని నాలుగు చుక్కల ముగ్గు వేసింది. గీతలు వంకరగా ఉన్నాయని తనే తిట్టుకుంది.

పాతపెరడు
జూలై 27, ఉదయం 8:20

తల్లీ, చాలా సంతోషం. చెవిలోపల గారూ, ఒక మాట అడగాలి. మా ఆవిడకు నాలుగు రోజులుగా మంచం మీద తిరుగుతుంటే ఒకటే కళ్లు తిరుగుడు. జీలకర్ర నీళ్లు ఇస్తూనే ఉన్నాను.

చెవిలోపల
జూలై 27, ఉదయం 8:34

ముందు ఆవిడను ఇది అడగండి: గిర్రున తిరుగుతుందా, బైర్లు కమ్ముతున్నాయా, తూలుతోందా? ఎన్ని సెకన్లు? ఏ వైపు తిరిగితే?